ప్రోగ్రామింగు భాషలు – తెలుగు అక్షర గణనము

వర్ణమునకును అక్షరమునకును గల భేదమును మన లాక్షణికులు చిరకాలము క్రిందటనే గుర్తించిరి. వ్యాకరణమునకు వర్ణము ప్రధానము. ఛందస్సునకు అక్షరము ప్రధానము. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములను పరిగణించినాడు. పద్యలక్షణము చెప్పినవారు మాత్రము ఈ వర్ణములను గాక, వాని కూడికచే నేర్పడిన అక్షరములను లెక్కించి, అందు గురువేదియో లఘువేదియో నిర్ణయించిరి. ‘స్త్రీ’ యను పదమున వర్ణములు నాలుగు, అక్షర మొక్కటియే. ఈ రెండు లెక్కలును సత్యములే. ఏ ప్రయోజనమునకు ఏ లెక్క తగునో తెలియుటయే శాస్త్రజ్ఞానము.

ఈ ప్రాచీన వివేకము నేడు కంప్యూటరు రంగమున మరల అవసరమైనది. తెలుగు గ్రంథములు, శాసన పాఠములు, నిఘంటువులు, విద్యార్థుల సిద్ధాంత వ్యాసములు కంప్యూటరు నాశ్రయించుచున్నవి. కంప్యూటరునకు పని చెప్పుటకు ప్రోగ్రామింగు భాష లనబడు కృత్రిమ భాషలు కలవు. ఒక్కొక్క భాష తెలుగు పదమును ఒక్కొక్క విధముగా కొలుచుచున్నది. ఆ కొలతలలోని తారతమ్యమును పరిశీలించి, తెలుగు పాఠముతో పని గలవారు దేనిని ఎప్పుడు గ్రహింపవలెనో సూచించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. సైబరాబాదున భాషా తారతమ్య విచారము

ప్రోగ్రామింగు భాషల తారతమ్యము హైదరాబాదు నగరమునకు కొత్త విషయము కాదు. మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. ఆ సంవత్సరముననే గచ్చిబౌలి ప్రాంతమున అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ వెలసినది; మైక్రోసాఫ్టు సంస్థ తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున స్థాపించినది. గూగుల్ సంస్థ 2004లో వచ్చినది. యాపిల్ సంస్థ 2016లో తన అభివృద్ధి కార్యాలయమును ప్రకటించినది. ఈ సంస్థలు కేవలము భాషలను వాడుకొనునవి కావు, భాషలకు జన్మస్థానములు. సి షార్ప్ మైక్రోసాఫ్టునందును, గో గూగుల్‌నందును, స్విఫ్ట్ యాపిల్‌నందును పుట్టినవి. సన్ సంస్థలో పుట్టిన జావాకు 2010 నుండి యజమానియైన ఒరాకిల్ సంస్థకును ఈ నగరమున పెద్ద కార్యాలయము కలదు.

ఈ కార్యాలయములలో చేర గోరు యువకులు మొదట అమీరుపేట శిక్షణాలయముల మెట్లెక్కుదురు. అచ్చటి గోడల పైనను బోర్డుల పైనను జావా, డాట్ నెట్, పైథాన్ మున్నగు పేర్లు వరుస దీరి యుండును. ఏ భాష త్వరగా పట్టుబడును, దేనికి ఉద్యోగములు హెచ్చు అనునవి అచ్చటి ప్రశ్నలు. కార్యాలయములలో ప్రశ్నలు మారును: ఏది వేగవంతము? ఏది దోషములను ముందుగా పట్టి చూపును? దేనికి సిద్ధ ఉపకరణములు మెండు? ఇవన్నియు ఉచితమైన ప్రశ్నలే. కాని వేలకొలది తెలుగువారు ప్రోగ్రాములు వ్రాయు ఈ ప్రాంతమున నైనను, ‘ఈ భాష తెలుగు పదమున అక్షరములెన్ని యని చెప్పును?’ అను ప్రశ్న అరుదుగా వినబడును. వారు వ్రాయు ప్రోగ్రాములు రేషను కార్డులను, భూమి పత్రములను, పరీక్షా ధ్రువపత్రములను ముద్రించును. కనుక ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. ఒకని పేరు కాగితముపై పూర్తిగా నిలుచునా, నడుమ తెగునా యనునది దీనిపై నాధారపడి యున్నది.

2. లిపి సంకేతముల పూర్వకథ

కంప్యూటరు ఎరుగునవి సంఖ్యలే. ప్రతి లిపి చిహ్నమునకును ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యలనే అది దాచుకొనును. 1963లో అమెరికాలో నేర్పడిన ఆస్కీ పట్టికలో 128 స్థానములు మాత్రమే కలవు. ఆంగ్ల లిపికి అవి చాలినవి. ఆంగ్లమున ఒక అక్షరము ఒక చిహ్నము. ఒక చిహ్నము ఒక సంఖ్య. ఒక సంఖ్య ఒక బైటు. ఈ నాలుగును ఒకటియే యగుటచే, ప్రోగ్రామింగు భాషలను నిర్మించినవారికి వానిని వేరుచేసి చూడవలసిన యవసరము కలుగలేదు. నేటి చిక్కులకెల్ల మూలమిదియే.

తెలుగు ముద్రణ కంప్యూటరు నాశ్రయించిన తొలి దినములలో ఆంగ్ల చిహ్నముల స్థానములందు తెలుగు అచ్చుల తునుకలను అమర్చిన ఫాంట్లు పుట్టినవి. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు ఒక్కొక్కటి ఒక్కొక్క ఆంగ్ల సంకేతముపై నిలిచినవి. హైదరాబాదు డీటీపీ కేంద్రములలో విశేషముగా వాడుకకు వచ్చిన అను ఫాంట్లు ఈ కోవలోనివి. కంటికి అది తెలుగే. యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్ల చిహ్నముల వరుస. ఒక ఫాంటులో కూర్చిన గ్రంథము మరియొక ఫాంటులో చదువరాదు. అందు పదము వెదకుటయు సాధ్యము కాదు.

భారతీయ లిపులకు ఉమ్మడిగా ఇస్కీ యను ప్రమాణమును భారత ప్రమాణ సంస్థ 1991లో స్థిరపరచెను. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడ్ తొలి సంపుటి, ఇస్కీ 1988 నాటి రూపములోని అమరికను అనుసరించి, మన లిపులకు స్థానములు కల్పించెను. తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు లభించినవి. ఇందు ‘క’ 3093వ స్థానమున నున్నది. గుణింతపు గుర్తులకు వేరు స్థానములు కలవు. హల్లులోని అకారమును తీసివేయు పొల్లు గుర్తునకు 3149వ స్థానము. సంయుక్తాక్షరములకు మాత్రము ప్రత్యేక స్థానములు లేవు. క, పొల్లు, ష అను మూడు సంకేతములు వరుసగా వచ్చినపుడు వానిని ‘క్ష’గా చిత్రించుట ఫాంటు పని. ఈ ఏర్పాటు వర్ణవాది దృష్టికి దగ్గరగా నున్నది. అక్షరవాది దృష్టికి దూరము.

ఈ సంకేత సంఖ్యలను బైట్లుగా దాచు పద్ధతులు పెక్కు. నేడు సర్వత్ర వాడుకలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు; తెలుగు సంకేత మొక్కొక్కదానికి మూడు బైట్లు.

3. ఒక పదము – అయిదు కొలతలు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఒక తెలుగు పదమును బైట్లుగా కొలువవచ్చును. యూనికోడ్ సంకేతములుగా కొలువవచ్చును. చదువరి కంటికి ఒక ముద్దగా తోచు లిపిభాగములుగాను కొలువవచ్చును. ఈ లిపిభాగమును ఈ వ్యాసమున ‘లిపిగుచ్ఛము’ అని వ్యవహరింతము. గుచ్ఛముల హద్దులను యూనికోడ్ నియమములే నిర్ణయించుచున్నవి. 2023లో ఆ నియమములు మారినవి గనుక పాత లెక్కయు కొత్త లెక్కయు వేరు వేరు. వీనికి మన ఛందోక్షరముల లెక్కను చేర్చినచో కొలతలు అయిదగుచున్నవి. ఉదాహరణముగా ఆరు పదములను గ్రహింతము. సంఖ్యలు వరుసగా యూటీఎఫ్-8 బైట్లు, సంకేతములు, పాత గుచ్ఛములు, కొత్త గుచ్ఛములు, ఛందోక్షరములు.

తెలుగు – 18, 6, 3, 3, 3
వికటకవి – 21, 7, 5, 5, 5
హైదరాబాదు – 27, 9, 5, 5, 5
లక్ష్మి – 21, 7, 4, 2, 2
స్త్రీ – 18, 6, 3, 1, 1
వచ్చెన్ – 21, 7, 4, 3, 2

మొదటి మూడు పదములలో సంయుక్తాక్షరములు లేవు. కనుక పాత నియమమైనను కొత్త నియమమైనను గుచ్ఛములు మన అక్షరములతో సరిపోవుచున్నవి. తరువాతి రెండింట సంయుక్తము లుండుటచే పాత నియమము తప్పినది. చివరి పదమున పొల్లుహల్లు ఉండుటచే కొత్త నియమమును చాలలేదు. ఈ మూడు తెగలను మనసున నుంచుకొని భాషలను పరిశీలింతము.

4. భాషల తారతమ్యము

మొదటి తెగ బైట్లను కొలుచు భాషలు. 1970వ దశాబ్ది ఆరంభమున డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాషలో పదము బైట్ల వరుస మాత్రమే. యూటీఎఫ్-8లో దాచిన ‘తెలుగు’ పొడవెంత యని అడిగిన 18 అని చెప్పును. 2009లో వెలువడిన గో భాషయు పొడవు నడిగినచో బైట్లనే లెక్కించును. కాని పదమును వరుసగా నడిపించునపుడు సంకేతములుగా విడదీసి యిచ్చును. రస్ట్ భాష తొలి స్థిర రూపము 2015లో వెలువడినది. ఇదియు పొడవును బైట్లలో చెప్పునదే యైనను, ఇందొక జాగరూకత కలదు. ‘ఈ పదమున మూడవ అక్షర మిమ్ము’ అని సంఖ్య చెప్పి అడుగుటను ఇది అంగీకరింపదు. బైట్లు కావలెనా, సంకేతములు కావలెనా ప్రోగ్రామరే స్పష్టముగా చెప్పవలెను. గుచ్ఛములు కావలెనన్నచో అదనపు గ్రంథాలయమును తెచ్చుకొనవలెను. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుట ఈ భాషయందలి గుణము.

రెండవ తెగ 16 బిట్ల ఖండములను కొలుచు భాషలు. 1995లో వచ్చిన జావా, జావాస్క్రిప్టులు, పిమ్మట వచ్చిన సి షార్ప్ ఈ తెగలోనివి. ప్రపంచ లిపులన్నిటికిని 65,536 స్థానములు చాలునని యూనికోడ్ నిర్మాతలు తొలుత తలచిరి. ఆ కాలమున పుట్టిన భాషలు ఆ తలంపును తమ నిర్మాణమున నిలుపుకొన్నవి. స్థానములు పెరిగిన తరువాతను ఆ ఖండములే వానికి కొలతబద్దలుగా నిలిచినవి. తెలుగు స్థానములు ఆ తొలి పరిధిలోనివే గనుక, మనకు సంబంధించినంతవరకు ఒక ఖండమన్నను ఒక సంకేతమన్నను ఒకటియే. జావా దృష్టిలో ‘తెలుగు’ పొడవు 6.

మూడవ తెగ సంకేతములను నేరుగా కొలుచు పైథాన్. 1991లో పుట్టిన ఈ భాష 2008లో వెలువడిన మూడవ రూపాంతరమున యూనికోడ్ పదమునే ప్రధాన రూపముగా గ్రహించినది. దీని లెక్కయు 6. భాషాశాస్త్ర పరిశోధకులు నేడు హెచ్చుగా ఆశ్రయించు భాష ఇదియే గనుక దీని గుణదోషములు మనకు ముఖ్యములు.

నాలుగవ తెగ గుచ్ఛములను కొలుచు భాషలు. 2014లో వెలువడిన స్విఫ్ట్ భాష ‘తెలుగు’ పొడవు 3 అని చెప్పును. ఎలిక్సిర్, రాకు భాషలు కూడ ఈ మార్గమునే అనుసరించినవి.

ఈ తెగల భేదమును ఒక్క పరీక్షతో చూపవచ్చును. తెనాలి రామకృష్ణునికి చెల్లిన ‘వికటకవి’ బిరుదము ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకటియే యని బాలురు కూడ ఎరుగుదురు. పైథాన్, జావా, జావాస్క్రిప్టులలో సామాన్య పద్ధతిని ఈ పదమును తిరుగవేసినచో లభించునది ‘ివకటకివ’. చివరనున్న గుడి మొదటికి వచ్చి, అంటుకొనుటకు హల్లు లేక నిలిచినది. రెండు రూపములను పోల్చి చూచిన యంత్రము ఇది అనులోమ విలోమ పదము కాదని తీర్పు చెప్పును. ‘తెలుగు’ను తిరుగవేసిన ‘గులుతె’ రావలసియుండగా ‘ుగులెత’ వచ్చును. సి భాషలో బైట్లను తిరుగవేసినచో ఏ లిపికిని చెందని చెత్త మిగులును. స్విఫ్ట్ మాత్రము వికటకవిని వికటకవిగనే తిరిగి యిచ్చును.

అట్లని స్విఫ్ట్ ఉత్తమమనియు సి అధమమనియు తేల్చుట తగదు. బైట్లను లెక్కించుట క్షణమాత్రపు పని. గుచ్ఛములను లెక్కించుటకు పదమును మొదటినుండి తుదివరకు నియమానుసారము నడువవలెను. కోట్ల పంక్తులను ఒక చోటినుండి మరియొక చోటికి పంపు ప్రోగ్రామునకు అక్షర జ్ఞానము అనవసరపు భారము. నిల్వకు కావలసిన చోటును తెలియుటకు బైట్ల లెక్కయే సరియైనది. వ్యాకర్త వర్ణమును లెక్కించి తప్పు చేయనట్లే సి భాషయు బైటును లెక్కించి తప్పు చేయలేదు. బైట్ల లెక్కను అక్షరముల లెక్కయని భ్రమించి ప్రోగ్రాము వ్రాయుటయే తప్పు.

5. ఉపకరణములందలి చిక్కులు

భాషకంటె భాషతో వచ్చు ఉపకరణములే పరిశోధకుని హెచ్చుగా మోసపుచ్చును. పాఠమునుండి పదములను వేరుచేయుటకు ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అను సూత్రరూప సాధనము ప్రతి భాషయందును కలదు. ‘పదములో భాగము కాదగిన చిహ్నము’ అను అర్థముగల గుర్తు ఇందొకటి యున్నది. జావాస్క్రిప్టున ఈ గుర్తు ఆంగ్లాక్షరములను, అంకెలను, అడ్డగీతను మాత్రమే అంగీకరించును. తెలుగును పూర్తిగా వదలివేయును. ఇది స్పష్టమైన నిరాకరణము గనుక వెంటనే పట్టుబడును.

పైథాన్‌తో వచ్చు సాధనము నడత ఇంతకంటె ప్రమాదకరము. 3.12 రూపాంతరము వరకు చూచినను, ఇది తెలుగు అచ్చులను, హల్లులను పదభాగములుగా అంగీకరించును. గుణింతపు గుర్తులను, పొల్లును మాత్రము అంగీకరింపదు. కనుక ‘తెలుగు’ను పదములుగా విడదీయుమన్న త, ల, గ అను మూడు తునుకలు వచ్చును. ‘వికటకవి’ వ, కటకవ అని రెండగును. పాఠ వర్గీకరణమునకు విస్తారముగా వాడబడు సైకిట్-లెర్న్ గ్రంథాలయమున పదగణన సాధనము, వేరు సూత్ర మీయనిచో, ఈ గుర్తునే ఆశ్రయించును. పైగా ఒక్క చిహ్నముగల తునుకలను పదములుగా గణింపక విడిచిపెట్టును. ఫలితముగా ‘తెలుగు’ అను పదము లెక్కనుండి పూర్తిగా అదృశ్యమగును. ప్రోగ్రాము ఆగదు, దోషమును ప్రకటింపదు, పట్టికను అందముగా ముద్రించును. ఆ పట్టికను నమ్మి ఒక గ్రంథమున పదప్రయోగ సంఖ్యలను నిర్ణయించినచో సిద్ధాంతమే కూలును.

వింత యేమనగా ఇదే పైథాన్ భాష తన చరరాశులకు ‘తెలుగు’ అని పేరు పెట్టుటకు అభ్యంతరము చెప్పదు. పేరు పెట్టు నియమము ఒక యూనికోడ్ లక్షణమును, పదమును గుర్తించు సాధనము మరియొక లక్షణమును ఆధారముగా గొనుటయే ఇందులకు హేతువు. దీనికి పరిహారము కలదు. పైథాన్‌కు విడిగా లభించు ‘రీజెక్స్’ అను గ్రంథాలయము గుణింతపు గుర్తులను పదభాగములుగా గ్రహించును. గుచ్ఛములను వేరుచేయు సూత్రమును కూడ కలిగియున్నది. జావా, సి భాషలకు ఐసీయూ గ్రంథాలయము, జావాస్క్రిప్టునకు ఇంట్ల్ సెగ్మెంటర్, సి షార్ప్‌నకు స్ట్రింగ్ ఇన్ఫో ఈ పనికి తగిన సాధనములు.

పేర్లను దాచు డేటాబేసులయందును ఈ కొలతల భేదము కనబడును. ఒరాకిల్ డేటాబేసున పొడవు పరిమితిని వేరుగా చెప్పనిచో బైట్లలో గ్రహించుట రివాజు. పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ డేటాబేసులు సంకేతములలో గ్రహించును. ‘చిలకమర్తి లక్ష్మీనరసింహం’ అను పేరును గ్రహింతము. చదువరికి ఇందు 11 అక్షరములు. నడుమ ఖాళీతో కలిపి 24 సంకేతములు, 70 బైట్లు. 30 బైట్ల గడిలో ఈ పేరునందు ‘చిలకమర్తి’ మాత్రమే పట్టును. ఇట్టి గడిలో 30 ఆంగ్లాక్షరముల పేరు సుఖముగా నిలుచును. 13 సంకేతముల వద్ద తెగగొట్టినచో ‘చిలకమర్తి లక్’ అని మిగులును. గడి పరిమాణమును నిర్ణయించిన ప్రోగ్రామరు ఆంగ్లమున పరీక్షించి తృప్తి పడును. ఫలితమును అనుభవించువాడు తెలుగున పేరు వ్రాసినవాడు. సెల్‌ఫోను సందేశములయందును ఇదే న్యాయము. ఒక ఎస్సెమ్మెస్సున ఆంగ్ల చిహ్నములు 160 పట్టగా, తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును.

6. 2018 నాటి ఉదంతము, 2023 నాటి సవరణము

సంయుక్తాక్షర విషయమున యంత్రములకు గల తడబాటు 2018 ఫిబ్రవరిలో లోకమునకంతకు తెలియవచ్చినది. జ, పొల్లు, ఞ, ఒక అదృశ్య విభాజకము, దీర్ఘము అను అయిదు సంకేతములు ఈ వరుసను కూడి వచ్చిన ‘జ్ఞా’ రూపమును చిత్రింప ప్రయత్నించి, యాపిల్ ఫోనులలో అనేక ప్రోగ్రాములు కుప్పకూలినవి. సందేశ రూపమున ఆ యక్షరము వచ్చినంతనే సందేశములు చదువు ప్రోగ్రాము తెరుచుకొనకుండ పోయెడిది. ఐఓఎస్ 11.2.5లో నున్న ఈ దోషమును ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6 సవరించినది. దోషము తెలుగు లిపిలో లేదు, దానిని చిత్రించు ప్రోగ్రామున గలదు. అయినను నాటి ఆంగ్ల వార్తలలో పెక్కింట తెలుగక్షరమే ఫోనులను చెరచినట్లు శీర్షికలు వచ్చినవి. అపరిచితమైన లిపిపై నింద త్వరగా పడుటకు ఇదొక నిదర్శనము.

గుచ్ఛ నియమమునందలి లోపము ఇంతకంటె లోతైనది. 2023 సెప్టెంబరు వరకు యూనికోడ్ నియమము ప్రకారము పొల్లు గుర్తు తరువాత హద్దు పడెడిది. అందుచే ‘క్ష’ ఒక గుచ్ఛము గాక క్, ష అని రెండయ్యెడిది. ‘స్త్రీ’ మూడయ్యెడిది. అనగా గుచ్ఛములను లెక్కించు ఉత్తమ భాషలు సైతము ఆ నియమమును అనుసరించినంత కాలము తెలుగు సంయుక్తములను విరిచినవి. 2023లో వెలువడిన 15.1 రూపాంతరమున, హల్లు, పొల్లు, హల్లు వరుసగా వచ్చినపుడు నడుమ హద్దు పెట్టరాదను సూత్రము చేరినది. ఇది తెలుగుతో పాటు దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు వర్తించును. ఐసీయూ 74వ రూపాంతరము దీనిని గ్రహించినది.

కావున నేడు ‘ఈ ఉపకరణము అక్షరములను సరిగా లెక్కించునా?’ అను ప్రశ్నకు భాష పేరు చెప్పిన చాలదు. ఆ ఉపకరణము ఏ యూనికోడ్ రూపాంతరమును ఆధారముగా గొనినదో కూడ చెప్పవలెను. ఒకే ప్రోగ్రాము పాత యంత్రమున ‘లక్ష్మి’కి నాలుగును, కొత్త యంత్రమున రెండును చెప్పగలదు. పరిశోధన పత్రములలో ప్రతి యొక్క తాళపత్రమును, ముద్రణమును పేర్కొనుట మనకు సంప్రదాయము. అట్లే ఉపకరణము రూపాంతర సంఖ్యను పేర్కొనుటయు సంప్రదాయము కావలెను.

7. ఛందస్సు కోరునది

కొత్త సూత్రముతో సమస్య ముగిసినదా యన్న, ముగియలేదు. పట్టికలోని ఆరవ పదమును చూడుడు. ‘వచ్చెన్’ అను రూపమున కొత్త నియమము వ, చ్చె, న్ అను మూడు గుచ్ఛములను చూపును. ఛందస్సున పొల్లునకారము తనంత తాను నిలువదు. అది పూర్వాక్షరముతో కూడి దానిని గురువు చేయును. కనుక అక్షరములు రెండు, రెండును గురువులు. గుచ్ఛముల లెక్కపై గణవిభజన చేయు ప్రోగ్రాము ఇచ్చట ఒక అక్షరమును హెచ్చుగా లెక్కించి, నిర్దోషమైన పద్యమును గణభంగమని త్రోసివేయును.

వాడుక తెలుగునకును ఇదే వర్తించును. ‘హైదరాబాద్’ అని వ్రాసినచో యంత్రమునకు గుచ్ఛములు అయిదు. ఛందస్సునకు అక్షరములు నాలుగు. ప్రాచీన ముద్రణలలో కనబడు నకారప్పొల్లునకు ప్రత్యేక రూపము కలదు. దానికి 2021లో వెలువడిన యూనికోడ్ 14వ రూపాంతరమున ప్రత్యేక స్థానము లభించినది. ఇది సంతోషకరమే. కాని నకారము, పొల్లు అను రెండు సంకేతములతో వ్రాసిన ‘వచ్చెన్’ను, ఆ ప్రత్యేక చిహ్నముతో వ్రాసిన అదే పదమును యంత్రము సమానములుగా భావింపదు. ఈ రెండును ఒకటియేయని పరిశోధకుడే చెప్పవలెను.

మరియు గురులఘు నిర్ణయము పదము హద్దునుబట్టి మారును. సంయుక్తాక్షరమునకు ముందున్న లఘువు గురువగునను సూత్రము ఒకే పదమునను సంస్కృత సమాసమునను నిరపాయముగా చెల్లును. తెలుగు పదము పిమ్మట వేరొక పదము సంయుక్తముతో మొదలైనపుడు చెల్లదు. అది సమాసమా, విడిపదములా యనునది తెలియుటకు పదజ్ఞానము కావలెను. ఏ ప్రోగ్రామింగు భాషయు ఈ జ్ఞానమును తనంత తానై ఈయజాలదు. గుచ్ఛముల వరకు భాషయు, దాని ఉపకరణములును నడిపించును; అటుపై లక్షణ గ్రంథముల సూత్రములను ప్రోగ్రామున వ్రాయువాడు తెలుగు నెరిగినవాడై యుండవలెను.

8. ఉపసంహారము

పై పరిశీలనము వలన తేలిన విషయములను ప్రయోజన దృష్టితో చెప్పుకొనవచ్చును. పాఠమును భద్రపరచుటకు, పంపుటకు బైట్ల కొలత చాలును. ఆ పనికి సి, గో, రస్ట్ భాషలు తగినవి. పదపట్టికలు, ప్రయోగ సూచికలు సిద్ధపరచుటకు పైథాన్ సుకరమైనది. కాని దానితో వచ్చు పదశోధన సాధనమును విడిచి, గుణింతములను గుర్తించు సాధనమును గ్రహింపవలెను. పదమును తెగగొట్టుట, తిరుగవేయుట, అక్షర సంఖ్య చెప్పుట మున్నగు పనులకు స్విఫ్ట్ వంటి భాషగాని, ఇతర భాషలకు తోడు ఐసీయూ వంటి గ్రంథాలయముగాని ఉండవలెను. అదియు 2023 నాటి సవరణమును గ్రహించినదై యుండవలెను. ఛందోవిచారమునకు వీనన్నిటిపైనను మన లాక్షణికుల సూత్రములను చేర్చుకొనవలెను.

ఇందు తెలుగు శాఖలు చేయదగిన పని యొకటి కలదు. యూనికోడ్ నియమములు దైవదత్తములు కావు. వానిని పండితులు, సాంకేతిక నిపుణులు ప్రతిపాదనలు పంపి మార్చుచున్నారు. 2021 నాటి నకారప్పొల్లును, 2023 నాటి సంయుక్త సూత్రమును అట్లు వచ్చినవే. తెలుగక్షర లక్షణము నెరిగినవారు ఆ చర్చలో పాల్గొననిచో, ఎరుగనివారు నిర్ణయించిన లక్షణమే యంత్రములయందు శాశ్వతముగా నిలుచును. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమును, భాషా సాంకేతిక పరిశోధన జరుపు విద్యాసంస్థయు, మాదాపురపు కార్యాలయములును ఒకదానికొకటి కొన్ని మైళ్ల దూరముననే యున్నవి. ఛందస్సు చదివినవాడును ప్రోగ్రాము వ్రాయువాడును ఒక చోట కూర్చుండుటకు దూరము అడ్డు కాదు.

అందాక ఏ ప్రోగ్రామరైనను, ఏ పరిశోధకుడైనను కొత్త ఉపకరణమును చేపట్టునపుడు మొదట పై పట్టికలోని ఆరు పదములతో దానిని పరీక్షించుట మంచిది. ‘తెలుగు’ మూడు అక్షరములుగా, ‘వికటకవి’ తిరుగవేసినను వికటకవిగా, ‘స్త్రీ’ ఒక్కటిగా వచ్చిన తరువాతనే మిగిలిన పని దానికి అప్పగింపవచ్చును.